పరుల దుఃఖము – మన ప్రకటనము

దిక్కులేనివారి గోడును లోకమునకు వినిపించుట పుణ్యకార్యమని మనము నమ్ముచున్నాము. వినిపింపనిచో సంఘము మేలుకొనదనుటయు నిజమే. కాని గోడును వినిపించుట వేఱు. గోడు పడినవారి ముఖమును వీధిలో నిలుపుట వేఱు. ఈ భేదము నెఱుగని దయ, దయ పేరు పెట్టుకొనిన కుతూహలమే.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో నొక యువతి అత్యాచారమునకు గుఱియై హత్య గావింపబడెను. కొలది దినములలోనే యామె పేరును, ఛాయాచిత్రమును దేశమంతటను వ్యాపించెను. ఇట్టి వారి పేరు వెల్లడించుట 1983 నుండియు శిక్షార్హమైన నేరము. రెండేండ్ల వఱకు కారాగారము విధింపవచ్చును. మరణించినవారి పేరును సైతము ప్రకటింపరాదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పునకు ఏడాదియైన నిండకమునుపే మనమందఱము దానిని కాలరాచితిమి. పిదప పోలీసులే యామెను “దిశ” యని పేర్కొనవలసినదిగా గోరవలసివచ్చెను.

పేరును, ముఖమును లేనిచో జనుల హృదయము కదలదని కొందఱు వాదింతురు. 2012లో ఢిల్లీలో జరిగిన ఘోరమునకు దేశము “నిర్భయ” యను కల్పితనామముతోనే కదలెను. 2013లో శిక్షాచట్టమే సవరింపబడెను. దిశ విషయమున ఫిర్యాదును స్వీకరించుటలో జాప్యము చేసిన పోలీసులను సస్పెండు చేసిరి. ఆ యలసత్వమును బయటపెట్టుటకు ఆమె ఛాయాచిత్రముతో నేమి పని?

పేరు దాచినచో సిగ్గు బాధితురాలిదే యని యొప్పుకొన్నట్లు కాదా యని మఱికొందఱు ప్రశ్నింతురు. ఇది బలమైన ప్రశ్న. సిగ్గు ముమ్మాటికిని దోషిదే. బ్రదికియున్న వయోజనురాలు వ్రాతపూర్వకముగా సమ్మతించినచో ఆమె పేరును ప్రకటించుటకు చట్టము అడ్డుపడదు. కాని యట్లు ముందునకు వచ్చు ధైర్యము ఆమె సొత్తు. ఒకరి ధైర్యమును మఱియొకరు వెచ్చింపదగునా? సభలో మనము చప్పట్లు కొట్టి యిల్లు చేరుదుము. మఱునాడు నీళ్లకుళాయి కడ ఇరుగుపొరుగువారి చూపులను సహింపవలసినది ఆమెయే.

1874లో “వివేకవర్ధని”ని నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారు లంచగొండులైన యధికారుల గుట్టును రచ్చకెక్కించిరి. ఆ బాణము బలవంతునిపైకి పోయినది. మన బాణమో, దెబ్బతిన్నవారినే మరల దాకుచున్నది.

పత్రికలవారిని నిందించి యూరకుందమా? చేతిలో ఫోనున్న ప్రతి గృహస్థుడును, గృహిణియు నేడు పత్రికాధిపతులే. పుట్టింటికి తిరిగివచ్చిన పొరుగుపిల్ల కథను, ఆస్పత్రిలో నేడ్చుచున్న తల్లి చిత్రమును జాలిపడుచునే పదిమందికి బంపుచున్నాము. బంపుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: దీనిని చెప్పుమని వారు మనల నడిగిరా? అడుగనిచో నేరమును జెప్పుడు, నిర్లక్ష్యము చేసినవారిని నిలదీయుడు. కన్నీరు కార్చినవారి పేరును మాత్రము వారికే విడువుడు.