ఆటలో అరటిపండు ఎవరండీ?

మా చిన్నప్పుడు చెడుగుడు ఆడాలంటే ముందు జట్లు పడాలి. ఇద్దరు మొనగాళ్లు కెప్టెన్లుగా చెరోవైపు నిలబడేవాళ్లు. మిగిలినవాళ్లం సమ ఉజ్జీలుగా ఇద్దరిద్దరం జతకట్టి, చెట్టు చాటుకు వెళ్లి చెవిలో పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్లం. "సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా?" అని అడిగితే కెప్టెన్ ఒకటి కోరుకునేవాడు. ఎవరు ఎటు పడతారో దేవుడికే తెలియాలి. దాంతో రెండు జట్లూ దాదాపు సమానంగా ఉండేవి. అంతా అయ్యాక ఉజ్జీ దొరకని బక్కోడు ఒకడు మిగిలిపోయేవాడు. "సరేలే, వాడు ఆటలో అరటిపండు" అని ఎటో ఒకవైపు తోసేసేవాళ్లం.

ఇప్పుడిదంతా ఎందుకంటారా? ఈ పద్ధతినే కోట్ల డాలర్ల వ్యాపారంగా మార్చి ఆడుకుంటున్న దేశం ఒకటుంది కాబట్టి. అది ఆస్ట్రేలియా. ఆ ఆట పేరు 'ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్'. వాళ్లు ముద్దుగా 'ఫుటీ' అంటారు. మెల్‌బోర్న్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ల పిల్లలు క్రికెట్ బ్యాటుతో పాటు కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి కూడా పట్టుకు తిరుగుతుంటారే, ఆ బంతి ఈ ఆటదే.

రూల్సు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మైదానం కూడా కోడిగుడ్డు ఆకారమే. జట్టుకి 18 మంది. బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి అందించొచ్చు, చేత్తో విసరకూడదు. అటూ ఇటూ నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్కకి పోతే 1. పెద్ద లీగ్ పేరు ఏఎఫ్ఎల్. సెప్టెంబర్ చివర్లో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో గ్రాండ్ ఫైనల్ జరుగుతుంది. ఆ రోజు ఆ ఊళ్లో వేరే మాట ఉండదు.

అసలు కథ జట్టు కట్టడంలో ఉంది. మన ఐపీఎల్‌లో వేలం ఉంటుంది. ఏఎఫ్ఎల్‌లో కొత్త కుర్రాళ్లకి 'డ్రాఫ్ట్' ఉంటుంది. ఏడాది చివర ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకి మొదటి ఎంపిక, ఛాంపియన్‌కి ఆ రౌండులో చివరి ఎంపిక. అలా వరుస నంబర్లలో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని ఏరుకోవాలి. జీతాలకీ ఒక పరిమితి ఉంటుంది, దాన్నే శాలరీ క్యాప్ అంటారు. కాబట్టి డబ్బున్నవాడు మంచివాళ్లందర్నీ కొనేయడం కుదరదు. ఇదీ మన సూర్యుడూ చంద్రుడూ లాంటి ఏర్పాటే.

లెక్క ప్రకారం అందరూ వంతులవారీగా గెలవాలి కదా? కానీ జీలాంగ్ అనే క్లబ్బు ఆ లెక్కకి లొంగలేదు.

మెల్‌బోర్న్‌కి డెబ్భై అయిదు కిలోమీటర్ల దూరంలో సముద్రం పక్కన ఉన్న ఊరు జీలాంగ్. క్లబ్బు పుట్టింది 1859లో. మహా పాతది. అయితే 1963లో టైటిల్ గెలిచాక మళ్లీ గెలవలేదు. 1989, 1992, 1994, 1995... నాలుగుసార్లు గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లి నాలుగుసార్లూ ఓడింది. తాతలు చూసిన కప్పు మనవలకి కథగా మిగిలింది.

అక్కడ కుర్రాళ్లని వెతికే పని స్టీఫెన్ వెల్స్ అనే ఆయనది. 1999 డ్రాఫ్ట్‌లో ఆయన ఏరినవాళ్లని చూడండి. 8వ నంబరు జోయెల్ కోరీ. 31 పాల్ చాప్‌మన్. 38 కామెరాన్ లింగ్. 47 కోరీ ఎన్‌రైట్. రెండేళ్ల తర్వాత 2001లో 8వ నంబరు జిమ్మీ బార్టెల్, 17 జేమ్స్ కెల్లీ, 24 స్టీవ్ జాన్సన్, 40 గ్యారీ ఆబ్లెట్ జూనియర్. ఇందులో ఆబ్లెట్ విషయం వేరు. తండ్రి ఆడిన క్లబ్బు కొడుకుని తీసుకోవచ్చని వాళ్లకో రూలుంది. మన సినిమా వారసుల్లాగే అనుకోండి. కాకపోతే ఈ వారసుడు తర్వాత రెండుసార్లు లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు.

47వ నంబరు అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అంతకుముందు నలభై ఆరుసార్లు ఎవరో ఒకరు వేరే పేరు చదివారన్నమాట. మన భాషలో ఆటలో అరటిపండే. దక్షిణ ఆస్ట్రేలియాలోని కింబా అనే చిన్న ఊరి కుర్రాడు ఎన్‌రైట్. ఆ అరటిపండు జీలాంగ్‌కి 332 మ్యాచ్‌లు ఆడాడు.

వెల్స్‌గారికి దివ్యదృష్టి ఉందని మాత్రం అనుకోకండి. 1999లోనే చాప్‌మన్, లింగ్, ఎన్‌రైట్‌ల కంటే ముందు ఆయన తీసుకున్న కుర్రాళ్లలో ముగ్గురు 2007 నాటి ఛాంపియన్ జట్టులో లేరు. గురి తప్పుతుంది. అందుకే చివరి నంబర్లని కూడా మొదటి నంబరంత శ్రద్ధగా వాడుకోవాలి. తెలివైన ఎంపికంటే అంతే. మొదటి నంబరు కుర్రాణ్ణి ఎవరైనా ఎంచుతారు, పేపర్లో ఫొటో వచ్చే ఉంటుంది. ముప్పై దాటాక వచ్చే పేర్ల కోసం ఊరూరా తిరిగి, చలిలో వానలో నిలబడి మ్యాచ్‌లు చూడాలి. పరుగు పందెంలో ఎన్ని సెకన్లు, ఎత్తెంత అన్నవి కాగితం మీద దొరుకుతాయి. బంతి పోయాక వెనక్కి పరుగెత్తుతున్నాడా, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడా అన్నది కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

సరే, బంగారం లాంటి కుర్రాళ్లు దొరికారు. గెలిచారా? లేదు!

ఇక్కడే ఈ కథ నాకు నచ్చుతుంది. 2006 నాటికి పైన చెప్పిన వాళ్లందరూ జట్టులోనే ఉన్నారు. మార్క్ థాంప్సన్ ఏడేళ్లుగా కోచ్. ఆ ఏడు జీలాంగ్ పదో స్థానంలో తేలింది. ఊరంతా తిట్టిపోసింది. కోచ్‌ని పీకేయాలన్నారు. క్లబ్బు పెద్దలు తొందరపడకుండా, తప్పు ఎక్కడుందో మొత్తం తవ్వి చూశారు. కోచ్‌ని ఉంచారు. అయితే ఆటగాళ్లు ఒకరికొకరు జవాబుదారీగా ఉండాలన్న పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు. టామ్ హార్లీ కెప్టెన్ అయ్యాడు.

ఆ పద్ధతికి మొదటి పరీక్ష వెంటనే వచ్చింది. స్టీవ్ జాన్సన్ గొప్ప ప్రతిభావంతుడు, అంత అల్లరివాడు కూడా. 2006 క్రిస్మస్ ముందు తాగి పోలీసుల దాకా వెళ్లాడు. మామూలుగా అయితే క్లబ్బు జరిమానా వేసి ఊరుకుంటుంది. గోల్స్ కొట్టేవాణ్ణి ఎవరు వదులుకుంటారు చెప్పండి? కానీ ఈసారి శిక్ష ఆఫీసు నుంచి రాలేదు. తోటి ఆటగాళ్లే కూర్చుని, సీజన్ మొదటి ఐదు మ్యాచ్‌లకి నువ్వు మాతో ఆడొద్దన్నారు. స్నేహితుడి మొహం మీద ఆ మాట చెప్పడం ఎంత కష్టమో, ఎప్పుడైనా తమ్ముణ్ణి ఇంట్లో నిలబెట్టి అడిగినవాళ్లకి తెలుస్తుంది.

ఫలితం వెంటనే వచ్చిందా? అదీ లేదు. మొదటి ఐదు మ్యాచ్‌లలో రెండే గెలిచారు. ఐదో మ్యాచ్ ఓడాక ఆటగాళ్లు తలుపులేసుకుని మాట్లాడుకున్నారు. చాప్‌మన్ లాంటివాళ్లు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు అనేశారు. తర్వాతి మ్యాచ్‌లో రిచ్‌మండ్‌ని 157 పాయింట్ల తేడాతో చితక్కొట్టారు. అక్కణ్ణుంచి వరసగా 15 విజయాలు. గ్రాండ్ ఫైనల్‌లో పోర్ట్ అడిలైడ్ మీద 163-44. తేడా 119 పాయింట్లు. గ్రాండ్ ఫైనల్స్ చరిత్రలో అంత తేడా ఇంకోటి లేదు. 44 ఏళ్ల కరువు తీరింది.

ఆ ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పతకం ఎవరికొచ్చిందో ఊహించండి. స్టీవ్ జాన్సన్‌కి! శిక్షని అవమానం అనుకుని వేరే క్లబ్బుకి పోయి ఉంటే ఆ పతకం లేదు. పోన్లే అని తోటివాళ్లు వదిలేసి ఉన్నా లేదు.

ఇంకో ముచ్చట. పదో స్థానంలో తేలినందుకే 2006 డ్రాఫ్ట్‌లో జీలాంగ్‌కి 7వ నంబరు దక్కింది. జోయెల్ సెల్‌వుడ్ అనే కుర్రాడు మోకాలి దెబ్బతో ఆ ఏడు పెద్దగా ఆడలేదు. ముందున్న ఆరు జట్లూ వేరేవాళ్లని తీసుకున్నాయి. వెల్స్ బృందం ఆ మోకాలిని కాకుండా మనిషిని చూసింది. సెల్‌వుడ్ మొదటి ఏడే టైటిల్ జట్టులో ఉన్నాడు, తర్వాత ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నాడు, 355 మ్యాచ్‌లు ఆడాడు.

గెలుపు ఒక్కోసారి ఓటమి కంటే ప్రమాదం. 2008లో లీగ్ దశలో 22 మ్యాచ్‌లకి 21 గెలిచారు. గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ చేతిలో 26 పాయింట్లతో ఓడారు. ప్రత్యర్థి కంటే ఎక్కువసార్లే గురిపెట్టారు, కానీ 23 సార్లు బంతి పక్కకి పోయి ఒక్కో పాయింటే వచ్చింది. అలాంటి దెబ్బ తిన్నాక చాలా జట్లు చెల్లాచెదురవుతాయి. వీళ్లు మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. 2009 ఫైనల్ చివరి నిమిషాల్లో సెయింట్ కిల్డాతో నువ్వా నేనా అన్నట్టు ఉంది. మైదానం మధ్యలో బంతి దొర్లుతోంది. వంగి పట్టుకునే టైము లేదు. వెనక కాపలా కాయాల్సిన మాథ్యూ స్కార్లెట్ ముందుకు దూసుకొచ్చి బూటు కొసతో ఒక్క పోటు పొడిచాడు. అది ఆబ్లెట్‌కి చేరింది, అక్కణ్ణుంచి ముందుకెళ్లి చివరికి చాప్‌మన్ గోల్ చేశాడు. 12 పాయింట్లతో గెలుపు. ఆ బూటు పోటు గురించి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పోటీ తత్వం అంటే రొమ్ము విరుచుకోవడం, ఎదుటివాణ్ణి తిట్టడం అని మన కుర్రాళ్లు కొందరు అనుకుంటారు. ఇది నా పని కాదులే అనుకోకపోవడమే పోటీ తత్వం.

2010 చివర్లో ఆబ్లెట్ గోల్డ్ కోస్ట్ క్లబ్బుకి వెళ్లిపోయాడు. కోచ్ థాంప్సనూ వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందన్నారు. కొత్త కోచ్ క్రిస్ స్కాట్ మొదటి ఏడే, 2011లో, మూడో కప్పు వచ్చింది.

తర్వాత ఎంపిక పద్ధతి ఇంకా విచిత్రంగా మారింది. మార్క్ బ్లికావ్స్ స్టీపుల్‌చేజ్ రన్నరు. అలాంటివాణ్ణి తెచ్చి ఫుటీ నేర్పించారు. రెండుసార్లు క్లబ్బు ఉత్తమ ఆటగాడయ్యాడు. టామ్ స్టువర్ట్‌ని 23 ఏళ్ల వయసులో స్థానిక లీగ్ నుంచి తీసుకున్నారు. అది డ్రాఫ్ట్ లెక్కలో ముదురు వయసు. గేలిక్ ఫుట్‌బాల్ ఆడి పెరిగిన ఐర్లండ్ వాళ్లనీ తెచ్చుకున్నారు. టైసన్ స్టెంగిల్‌కి మైదానం బయటి తప్పులతో అడిలైడ్ క్లబ్బుతో బంధం తెగిపోయింది. జీలాంగ్ పిలిచింది. పిలిచి వదిలేయలేదు, తనకి అన్నలాంటి ఎడ్డీ బెట్స్ అదే క్లబ్బులో కోచింగ్ సిబ్బందిలో ఉన్నాడు. 2022 గ్రాండ్ ఫైనల్‌లో స్టెంగిల్ నాలుగు గోల్స్ కొట్టాడు. సిడ్నీ మీద 81 పాయింట్ల గెలుపు. ఉత్తమ ఆటగాడు 33 ఏళ్ల ఐజాక్ స్మిత్. ముసలి జట్టని అందరూ నవ్విన జట్టు అది. నిజంగానే గ్రాండ్ ఫైనల్ ఆడిన జట్లన్నిటిలోకీ సగటు వయసు ఎక్కువున్నది అదే.

ఎప్పుడూ గెలుస్తూనే ఉన్నారని చెప్పను. 2023లో ఫైనల్స్ దశకే చేరలేదు. 2025లో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి బ్రిస్బేన్ చేతిలో ఓడారు. అయినా వచ్చే ఏడు వీళ్లని తీసిపారేసే ధైర్యం ఎవరికీ లేదు.

మనకి ఇది తెలియని సంగతేమీ కాదు. 2008 ఐపీఎల్‌లో మన డెక్కన్ చార్జర్స్‌లో పేరున్నవాళ్లకి కొదవా? ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. మరుసటి ఏడు చాలావరకు అవే మొహాలు, గిల్‌క్రిస్ట్ కెప్టెన్, కప్పు మనది. అలాంటి మలుపు ఒక్క ఏడాదికి వస్తే పండగ. ఏళ్ల తరబడి నిలవాలంటే చివరి నంబరు కుర్రాణ్ణి ఓపిగ్గా వెతికేవాళ్లూ కావాలి, మొదటి నంబరు హీరోని నిలబెట్టి అడిగేవాళ్లూ కావాలి. ఒకటుండి రెండోది లేకపోతే 2006 జీలాంగే, పదో స్థానమే.

మళ్లీ మా చెడుగుడు దగ్గరికొస్తాను. మా బ్యాచ్‌లో ప్రతిసారీ చివరికి మిగిలే కుర్రాడు ఒకడుండేవాడు. పొట్టిగా ఉండేవాడు. కూతకొచ్చినవాడి కాలు దొరికిందా, మోకాళ్లు దోక్కుపోయినా, చొక్కా చిరిగినా వదిలేవాడు కాదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. తెలిసి కూడా వాణ్ణి ఎప్పుడూ చివరే పిలిచాం. పొట్టిగా ఉన్నాడని.

మీ ఇంట్లోనో, బళ్లోనో, ఆఫీసులోనో అలాంటివాడు ఒకడుంటాడు. ఈసారి జట్లు పడేటప్పుడు కాస్త ముందే పిలిచి చూడండి.