కూర్చుంటే ఏం పోయింది?

ఆషాఢం వచ్చిందంటే పేపరు మొదటి పేజీలో వార్తలకి చోటుండదు, అన్నీ చీరలే. ఒకటి కొంటే ఒకటి, ఒకటి కొంటే రెండు, ఈమధ్య కిలోల లెక్కన కూడా అమ్ముతున్నారు. ఆ వెనకే శ్రావణం, పెళ్లిళ్లు, దసరా, దీపావళి, సంక్రాంతి. బట్టల దుకాణంలో పనిచేసే పిల్లలకి 'సీజన్' అంటే ఏడాదిలో సగం. పొద్దున పదింటికి షట్టరు లేస్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. మధ్యలో అన్నానికి అరగంట.

కౌంటరుకి ఇవతల కూర్చున్న మనకి ఆ అమ్మాయి నడుము దాకానే కనిపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు కాస్త పక్కకి జరిగి కిందికి చూడండి. కుడికాలు చెప్పులోంచి బయటికి తీసి, అరికాలు ఎడమ పిక్కకేసి రుద్దుకుంటూ ఉంటుంది. రెండు నిమిషాలయ్యాక బరువు కుడికాలి మీదకి మారుస్తుంది, ఎడమ మడమ పైకి లేస్తుంది. పైన ముఖం మాత్రం నవ్వుతూనే ఉంటుంది, "ఇది సాఫ్ట్ సిల్క్ మేడమ్, బోర్డర్ చూడండి" అంటూ. చీలమండ దగ్గర క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, అది కనపడకుండా సల్వారు కిందికి లాక్కున్న అమ్మాయిలని కూడా చూశాను.

నిలబడడం ఒక పనా అనుకుంటాం. నడవడం కంటే తేలికేగా అనిపిస్తుంది. కాళ్లకి మాత్రం నడకే నయం. గుండె కాళ్లలోకి పంపిన రక్తం మళ్లీ పైకి ఎక్కాలంటే పిక్క కండరాలు దాన్ని పిండి పైకి నెట్టాలి. అందుకే డాక్టర్లు పిక్కని రెండో గుండె అంటారు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అది పనిచేస్తుంది. కదలకుండా నిలబడితే ఊరుకుంటుంది. రక్తం సిరల్లో నిలిచిపోతుంది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, పొద్దున సరిపోయిన చెప్పు రాత్రికి బిగుతవుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే సిరల్లో రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు దెబ్బతిని, పిక్కల మీద నీలంగా మెలికలు తేలతాయి. మన వాళ్లు 'నరాలు ఉబ్బాయి' అనేది వీటినే, డాక్టరు చీటీలో రాసే పేరు వేరికోస్ వీన్స్.

మడమ నొప్పి సంగతి వేరు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. రోజంతా గట్టి నేల మీద నిలబడితే అది మడమ దగ్గర సాగి సాగి దెబ్బతింటుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎక్స్‌రే తీస్తే కొందరికి 'ఎముక పెరిగింది' అని చెప్తారు, ఆ మాట వినగానే ఆపరేషనే అనుకుని బెంగపెట్టుకుంటారు. ఆ పెరిగిన ఎముక ఉండీ ఏ నొప్పీ లేనివాళ్లు బోలెడంతమంది. మడమ నొప్పి చాలామందికి కత్తి పెట్టకుండానే తగ్గుతుంది, కాకపోతే నెలలు పడుతుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి ఉన్నాయి. అన్నిటికంటే ముందు చెప్పులు. పలచటి రబ్బరు చెప్పులు, అట్టలాంటి షూలు ఈ ఉద్యోగానికి పనికిరావు. మడమ కింద మెత్త, పాదం మధ్య వంపుకి ఆనిక, వేళ్లు ఆడేందుకు చోటు ఉండాలి. సాయంత్రం, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడే కొనుక్కోవాలి, పొద్దున కొన్నవి రాత్రికి కరుస్తాయి. ఇంటికొచ్చాక టైల్స్ మీద ఒట్టికాళ్లతో తిరగడం మనకి అలవాటు. మడమ నొప్పి ఉన్నవాళ్లు ఇంట్లోకి వేరే ఒక జత పెట్టుకుంటే మంచిది, పూజగది దాకా రానివ్వకపోతే అత్తగారు కూడా ఏమీ అనరు. మంచం దిగకముందే తువ్వాలు పాదం ముందుభాగానికి తగిలించి రెండు చేతులా తన వైపుకి లాక్కుంటే ఆ పట్టీ కొంచెం సాగి, మొదటి అడుగు అంత ఇదిగా ఉండదు. గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేపకుండా పిక్కని సాగదీయడం కూడా అలాంటిదే. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాని అరికాలి కింద దొర్లించడం చాలామందికి హాయినిస్తుంది.

పనిలో ఉండగా, చీరలు మడతపెడుతూనే మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉంటే పిక్కలు పనిచేస్తాయి. కౌంటరు కింద చిన్న పీట ఉంటే ఒక కాలు కాసేపు, రెండో కాలు కాసేపు దాని మీద పెట్టుకోవచ్చు, నడుముకి సగం భారం తగ్గినట్టుంటుంది. సిరలు ఉబ్బినవాళ్లకి బిగుతు మేజోళ్లు రాస్తారు. వాటిని పొద్దున వాపు రాకముందే వేసుకోవాలి. మన ఎండల్లో అవి వేసుకోవడం శిక్షే, ఏసీ ఉన్న చోట పనిచేసేవాళ్లు నయం. అయితే డాక్టరుకి చూపించకుండా కొనుక్కోవద్దు, కాళ్లలోకి రక్తం సరిగా రానివాళ్లకి అవి చెరుపు చేస్తాయి. షుగరున్నవాళ్లు వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు ముంచేముందు నీళ్ల వేడి ఇంట్లో ఇంకెవరి చేతైనా చూపించుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి కాలేదాకా తెలియదు. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెడితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఇక మెడికల్ షాపులో అడిగి రోజుకో నొప్పి బిళ్ల మింగడం వద్దు. కాలు నొప్పి పోయి కిడ్నీల దగ్గర తేలతారు.

ఇవన్నీ నిజమే, పనికొచ్చేవే. కానీ ఈ జాబితా అంతా చదివితే తప్పంతా ఆ అమ్మాయి చెప్పులదీ పిక్కలదీ అనిపిస్తుంది. పన్నెండు వేల జీతంలో మంచి షూ ఆమే కొనుక్కోవాలి, వ్యాయామం ఆమే చేయాలి, మేజోళ్లూ ఆమే కొనుక్కోవాలి. ఆమె వెనకాల ఒక స్టూలు వేయడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

చీరలమ్మడానికి నిలబడే తీరాలా? మా చిన్నప్పటి బట్టల కొట్లో తెల్లదుప్పటి పరిచిన పరుపు ఉండేది. చెప్పులు గుమ్మం బయట వదిలి మనం ఎక్కి కూర్చునేవాళ్లం, కొట్టాయనా బాసింపట్టు వేసుకుని కూర్చునే తానులు మన ముందుకి దొర్లించేవాడు. హోల్‌సేల్ కొట్లలో ఈ పద్ధతి ఇంకా ఉంది. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో నేసేవాళ్లింటికి వెళ్తే చాప వేసి, తామూ కూర్చునే చూపిస్తారు. అక్కడ ఎవరికీ అమర్యాద అనిపించలేదు. పరుపు పోయి అద్దాల కౌంటరు వచ్చాక కొనేవాడికి కుర్చీ మిగిలింది, క్యాషులో కూర్చున్న యజమానికి కుర్చీ మిగిలింది, మధ్యలో ఉన్నవాళ్లకి పోయింది.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా కూర్చునే ఉంటాడు, మనమే కాళ్లు పీకేలా నిలబడతాం. బ్యాంకులోనూ అంతే. ఆయన లేచి నిలబడలేదేమని మనం అడగం. అంటే ఈ నిలబడడానికీ చేసే పనికీ సంబంధం లేదు. ఎవరి ముందు ఎవరు నిలబడాలన్న లెక్క ఇది. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచిన కాలం మరీ పాతదేమీ కాదు. దొర ముందు అరుగు మీద కూర్చున్నవాడు ఉండేవాడు కాదు. గడీలు కూలాయి గానీ, కింద పనిచేసేవాడు కూర్చుంటే పొగరు, నిలబడితే వినయం అనే చూపు మాత్రం మన కళ్లలోంచి పూర్తిగా పోలేదు. యజమానులనే అనడమెందుకు, 'స్టాఫ్ అంతా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు' అని ఆన్‌లైన్‌లో ఒక్క స్టారు ఇచ్చేది మనమే.

చట్టాల విషయానికొస్తే ఇది కొత్త కోరికేం కాదు. బ్రిటన్‌లో 1899లోనే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ముగ్గురికి ఒక ఆసనం చొప్పున ఉండాలని చట్టం చేశారు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేయాల్సిన కార్మికులకి వీలు దొరికినప్పుడల్లా కూర్చునే ఏర్పాటు ఉండాలంది. అది ఫ్యాక్టరీలకి. చీరల కొట్టు ఫ్యాక్టరీ కాదుగా!

దుకాణాల్లోకి ఈ హక్కుని తెచ్చింది మలయాళీ ఆడవాళ్లు. కోళికోడ్ మిఠాయి వీధిలో టైలరుగా పనిచేసిన విజి, 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టి మొదట అడిగింది మరుగుదొడ్డి. దుకాణాల్లో అది లేక ఆడవాళ్లు రోజంతా నీళ్లు తాగడం మానేసేవాళ్లు. తర్వాత అడిగింది కూర్చునే హక్కు. త్రిశ్శూరులో ఒక చీరల షోరూమ్ ముందు సేల్స్ అమ్మాయిలు నెలల తరబడి సమ్మె చేశారు. చివరికి 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో ఆ దారే పట్టింది. చెన్నై టీనగర్ బట్టల దుకాణాల్లో పిల్లల బతుకుని 2010లో వచ్చిన 'అంగాడి తెరు' సినిమా చూపించింది, మనకి 'షాపింగ్ మాల్' పేరుతో డబ్బింగ్ అయింది. తమిళనాడు చట్టం దానికి పదకొండేళ్ల తర్వాత వచ్చింది.

మన దగ్గర? 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ నిలబడి పనిచేసే ఉద్యోగులందరికీ కూర్చునే ఏర్పాటు యజమాని బాధ్యత అంటోంది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పదిమందీ అంతకి మించీ పనిచేసే సంస్థలు దాని కిందికొస్తాయి. అమీర్‌పేటలో, బీసెంట్ రోడ్డులో అంతస్తులకి అంతస్తులు నడిపే షోరూముల్లో పదిమంది ఒక్క బ్లౌజుల సెక్షన్లోనే ఉంటారు.

"కూర్చోబెడితే బద్ధకిస్తారండీ" అన్నారు నాకు తెలిసిన ఒక షాపాయన, తను కుర్చీలో వెనక్కి వాలి. యూరప్‌లో సూపర్ మార్కెట్లలో బిల్లు కొట్టేవాళ్లు కూర్చునే కొడతారు, క్యూ ఏమీ ఆగిపోదు. రోజంతా కూర్చోమని ఎవరూ అనడం లేదు, దానివల్ల వచ్చే జబ్బులు దానికున్నాయి. బేరం లేనప్పుడు కూర్చోవాలి, మనిషి వస్తే లేవాలి, మడతలు పెట్టే పని కూర్చుని చేసుకోవాలి, అంతే. కౌంటరు ఎత్తుకి సరిపోయే స్టూలైతే లేవడం కూడా పెద్ద పని కాదు, ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది. స్టూలు ఖర్చు గురించి మాట్లాడడం అనవసరం. గుమ్మం ముందు ఫ్లెక్సీకి అంతకంటే ఎక్కువ అవుతుంది.

కిందటేడాది శ్రావణంలో ఒక షోరూమ్‌లో మా ఆవిడ ముందు చీరలు గుట్టపడుతున్నాయి. పని తెలిసిన అమ్మాయి. విప్పిన మడత విప్పినట్టే ఉండగా ఇంకోటి అందుకుంటోంది, మధ్యమధ్య మోకాలు కౌంటరుకి ఆనిస్తోంది. "కాసేపు కూర్చోరాదమ్మా, మేమెటూ పోం" అంది మా ఆవిడ, పక్కనున్న ఖాళీ స్టూలు చూపించి. "వద్దు ఆంటీ, సార్ చూస్తారు" అంటూ కళ్లు పైకెత్తింది. పైన కెమెరా ఉంది. ఫ్లోరు మీద ఎవరైనా కూర్చున్నట్టు కనపడితే మైకులో పేరు పిలుస్తారట, రెండోసారికి జీతంలో కోత.

లేబర్ ఆఫీసరు తనిఖీకి వెళ్తే ఆ కెమెరా ఫుటేజీ అడిగితే సరిపోతుంది. స్టూళ్లు లెక్కపెట్టి రిజిస్టరులో టిక్కు పెట్టుకోవడం కాదు, మధ్యాహ్నం మూడింటికి, బేరాలు పలచగా ఉండే వేళకి, వాటి మీద మనుషులున్నారా స్టాకు మూటలున్నాయా అన్నది చూడాలి. ఆ పని శ్రావణం రద్దీ మొదలయ్యేలోపే చేస్తే మంచిది.