రంజీ పరుగులకు విలువ లేకపోతే మన్యం పిల్లాడికి దారేది?



ధవళేశ్వరంలో ఆదివారం ఆట అయిపోయాక బ్యారేజీ వైపు నడుస్తూ మేమంతా పోట్లాడుకునేది ఒక్క విషయం మీదే. ఇండియా టెస్టు టీమ్‌లోకి ఎవర్ని తీసుకోవాలి? సగం మంది ఐపీఎల్ చూసి తీసుకోవాలంటారు. మిగతా సగం, అంటే మేము, రంజీ చూసి తీసుకోవాలంటాం. ఈసారి గొడవ కాస్త పెద్దదైంది. అందుకే మా మాట ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన ఆంధ్రా బ్యాటర్ రికీ భుయ్ సంగతి. 2023-24 రంజీ సీజన్‌లో ఎలైట్ గ్రూపుల్లో ఎక్కువ పరుగులు చేసింది ఇతనే. 902 పరుగులు, నాలుగు సెంచరీలు. ఆ తర్వాత 2024లో అనంతపురంలో దులీప్ ట్రోఫీ ఆడి ఇంకో రెండు సెంచరీలు కొట్టాడు. అయినా టెస్టు పిలుపు రాలేదు. ఫస్ట్ ర్యాంకు వచ్చినవాడికి సీటు రాకపోతే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

"రంజీ బౌలింగ్ వేరు, టెస్టు బౌలింగ్ వేరు" అంటారు అవతలి అన్నలు. ఒప్పుకుంటాం. మరి ఇరవై ఓవర్ల ఆట టెస్టుకి ఇంకా దూరం కాదా? 2021 జనవరిలో సిడ్నీలో కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేకపోయినా 161 బంతులు ఆడి, 23 పరుగులతో నాటౌట్‌గా నిలబడ్డాడు. మ్యాచ్ డ్రా అయింది. టీ20లో టీమ్ మొత్తానికి ఉండేవే 120 బంతులు! ఆ ఓపిక ఎక్కడ నేర్చుకుంటారు? నాలుగు రోజుల ఆటలోనే. సర్ఫరాజ్ ఖాన్ రంజీలో ఏళ్ళ తరబడి పరుగులు చేస్తే 2024 ఫిబ్రవరిలో గానీ అవకాశం రాలేదు. వచ్చిన మొదటి టెస్టులోనే, రాజ్‌కోట్‌లో, రెండు ఇన్నింగ్స్‌లోనూ అర్ధ సెంచరీలు కొట్టాడు.

"మరి మన నితీశ్ రెడ్డి? ఐపీఎల్ వల్లే కదా పేరొచ్చింది, మెల్‌బోర్న్‌లో 114 కొట్టలేదా?" అని అడుగుతారు. కొట్టాడు. మనందరం పండగ చేసుకున్నాం. ఇంకోటి కూడా దాచం. జార్ఖండ్ గుమ్లా ఆదివాసీ కుర్రాడు రాబిన్ మింజ్‌ని 2023 డిసెంబర్ వేలంలో 3.6 కోట్లకు కొన్నదీ ఐపీఎల్ టీమే. ఆ మేలు మర్చిపోం. కానీ ఒక మంచోడు దొరికినంత మాత్రాన పద్ధతి మంచిదైపోదు. వేలంలో మన పేరు పలకాలంటే ముందు ఎవరో ఒకరు మనల్ని చూడాలి. స్కోరు పుస్తకానికి ఆ బాధ లేదు. నువ్వెవరి కొడుకువని అది అడగదు, కొట్టినన్ని పరుగులు రాసుకుంటుంది. వెనక ఎవరూ లేనివాడికి అదే ఆసరా. ఆ పుస్తకానికే విలువ లేకుండా చేస్తే మనకి మిగిలేదేంటి?

అసలు ఆ పుస్తకంలోకి మన పేరు ఎక్కడమే కష్టం. మాలో చాలామందికి ట్రయల్స్ కబురు అవి అయిపోయాకే తెలిసింది. ఆట రాక కాదు, కబురు రాక ఆగిపోయాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ కెప్టెన్ మన జైపాల్ సింగ్ ముండా. ఆదివాసీకి ఆట రాదని ఎవడంటాడు?

మేము అడిగేది రెండే. టెస్టు టీమ్‌కి రంజీ పరుగులే మొదటి లెక్క కావాలి. ట్రయల్స్ రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరుల్లో కూడా పెట్టాలి, నెల ముందే హాస్టళ్ళకి చెప్పాలి. కొండ మీంచి దిగొచ్చి పరుగులు చేసే పూచీ మాది. ఆ పరుగులు లెక్కపెట్టే పూచీ మీది.