విజ్ఞానమా? లాటరీయా?

టెలివిజన్ క్విజ్ పోటీలు విజ్ఞానాన్ని సామాన్యుడి ముంగిటికి తెచ్చాయనే మాట ఈ మధ్య మన ఉపాధ్యాయ మిత్రుల నోట కూడా వినవస్తున్నది. వున్నవాడి బిడ్డకూ లేనివాడి బిడ్డకూ ఒకే ప్రశ్న, ఒకే కుర్చీ, ఒకే గడియారం గదా, ఇంతకన్న సమానత్వం ఏం కావాలని వారి వాదం. ఇక రెండవ రకం మిత్రులున్నారు. వారి దృష్టిలో ఇదంతా కాలక్షేపం, భోంచేస్తూ చూసే తమాషా. దానిమీద వ్యాసం రాయటం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం వెయ్యటం. మొదటివారు అమాయకత్వంవల్ల పొరబడుతున్నారు. రెండవవారిది వట్టి బద్ధకం. చదువంటే ఏమిటో, లేమి తీరటమంటే ఏమిటో రాత్రిపూట ఇంటింటా పాఠం చెబుతున్న బడి ఒకటి వుంటే, దాని వాచకం ఎవరు రాశారో విచారించటం బడిపంతుళ్లమైన మన పనే.

పేరుతోనే మొదలుపెడదాం. 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున నిర్వహణలో వచ్చిన కార్యక్రమం పేరు "మీలో ఎవరు కోటీశ్వరుడు". హిందీవారు "కౌన్ బనేగా" అన్నారు, అంటే ఎవరు అవుతారని. అక్కడ కనీసం ఒక క్రియ వుంది, భవిష్యత్తు వుంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ క్రియ ఎగిరిపోయింది. మీలో కోటీశ్వరుడు ఇప్పటికే వున్నాడు, ఎవరో తేలటమే తరువాయి అన్నమాట. అదీ ఏకవచనం, పుంలింగం! 2021 ఆగస్టులో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ నిర్వహణలో ఇదే ఆట "ఎవరు మీలో కోటీశ్వరులు" అయింది. వ్యాకరణం కొంత మర్యాద నేర్చుకున్నది, సంతోషం. అయితే రెండు పేర్లలోనూ మారని మాట ఒకటి వుంది: "మీలో". అడిగేవాడు "మనలో" అనలేదు. అనవలసిన అవసరం అతనికి లేదు గదా.

ఈ ఆట మన నేలమీద పుట్టింది కాదు. 1940 నాటి అమెరికా రేడియోలో ఒక క్విజ్ వుండేది. చివరి ప్రశ్నకు బహుమానం 64 డాలర్లు. 1955 జూన్‌లో సి.బి.ఎస్. టెలివిజన్ ఆ అంకె పక్కన మూడు సున్నాలు చేర్చి "64,000 డాలర్ల ప్రశ్న" ప్రారంభించింది. దాని పోషకుడు ఏ విశ్వవిద్యాలయమో కాదు, రెవ్లాన్ అనే పెదవిరంగుల కంపెనీ. మరుసటి ఏడు ఎన్.బి.సి.లో "ట్వెంటీ వన్" వచ్చింది. దాని పోషకుడు జెరిటాల్ అనే టానిక్కు.

ఈ "ట్వెంటీ వన్" కథ మన విద్యార్థులంతా తెలుసుకోదగింది. న్యూయార్కులో ఒక పేద కుటుంబంలో పుట్టి, సైన్యంలో పనిచేసి వచ్చి, సిటీ కాలేజీలో చదువుకుంటున్న హెర్బర్ట్ స్టెంపెల్ అనే అతన్ని నిర్మాతలు ఎంచుకున్నారు. జవాబులు ముందే చెప్పారు. అంతేకాదు, వొంటికి సరిపడని సూటు వేసుకోమన్నారు, జుట్టు పొట్టిగా కత్తిరించుకోమన్నారు. పేదవాడు పేదవాడిలా కనబడాలి గదా! కొన్నాళ్లకు ప్రేక్షకులకు అతని ముఖం మొహం మొత్తిందని తోచగానే, 1956 డిసెంబరులో, ఓడిపొమ్మన్నారు. అంతకు ముందు సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందిన సినిమా ఏది అని ప్రశ్న. జవాబు "మార్టీ", న్యూయార్కు బ్రాంక్స్‌లో ఒక కసాయి కొట్లో పనిచేసేవాడి కథ. స్టెంపెల్ ఆ సినిమాను ముమ్మారు చూసి మనసుకు హత్తుకున్నవాడు. అయినా ఆజ్ఞ ప్రకారం తప్పు జవాబే చెప్పాడు. చెప్పమన్న తప్పు జవాబు "ఆన్ ది వాటర్‌ఫ్రంట్". అది రేవు కార్మికుల సినిమా. తీసినవాడు ఎలియా కజాన్, 1952లో విచారణ సంఘం ముందు తన పాత సహచరుల పేర్లు బయటపెట్టిన మనిషి. రేవు పట్నంలో వుండి ఈ కథ రాస్తున్న నాకు ఇది కాకతాళీయమే అని తెలిసినా, చేదుగానే వుంది.

స్టెంపెల్ స్థానంలోకి వచ్చినవాడు చార్లెస్ వాన్ డోరెన్, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అధ్యాపకుడు, పేరున్న కవి మార్క్ వాన్ డోరెన్ కుమారుడు. అందగాడు, సంస్కారి, మంచి వంశం. అతనికీ జవాబులు ముందే అందాయి. 1,29,000 డాలర్లు గెలిచాడు, "టైమ్" పత్రిక ముఖచిత్రమయ్యాడు, పిల్లలకు ఆదర్శమయ్యాడు. 1959 నవంబరు 2న పార్లమెంటరీ ఉపసంఘం ముందు నిజం ఒప్పుకొని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1960లో అమెరికా కాంగ్రెసు క్విజ్ పోటీల్లో కపటాన్ని చట్టవిరుద్ధం చేసింది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ముగిస్తారు: మోసం బయటపడింది, చట్టం వచ్చింది, ఆట శుభ్రపడింది. నేను అంగీకరించను. శిక్షపడింది అధ్యాపకుడికి, పెదవిరంగు కంపెనీకి కాదు, టానిక్కు కంపెనీకీ కాదు. వారికి కావలసింది విజ్ఞానం కాదు, విజ్ఞానం వేషంలో వున్న మల్లయుద్ధం. ఆ కోరిక చట్టంతో చావలేదు. దాన్ని న్యాయబద్ధంగా తీర్చే ఉపాయం దొరకటానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఆ ఉపాయం 1998 సెప్టెంబరు 4న బ్రిటన్‌లో ఐ.టి.వి. చానెల్‌లో బయటికి వచ్చింది. "హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్" అని పేరు. మొదట అనుకున్న పేరు "క్యాష్ మౌంటెన్", అంటే డబ్బు కొండ. ఆ పేరే వుంచివుంటే మనకు ఇంత వ్యాసం శ్రమ తప్పేది. ఇందులో ఎవరికీ జవాబులు అందించనక్కర లేదు. నాలుగు జవాబులూ తెరమీదే వుంటాయి, ఒకటి ఎంచుకోవటమే. పోటీదారుకు కావలసినంత సమయం. ఇక డబ్బు? పోటీలో చేరటానికి జనం చేసే హెచ్చురేటు ఫోను కాల్స్ నుంచి. పాత ఆటలో పోషకుడు టానిక్కు కంపెనీ; కొత్త ఆటలో ప్రేక్షకుడే పోషకుడు. చూసేవాడి జేబులోంచి పైసా పైసా పోగుచేసి, అందులో ఒక భాగం ఒక్కడి చేతిలో పోసి, ఆ పోసే దృశ్యాన్ని మళ్లీ ఆ చూసేవాడికే అమ్మటం! లాటరీవాడికి కూడా తట్టని తెలివి ఇది. తరువాత దాని లాభాల పంపకంలో యజమానులకు యజమానులకు తగాదా వచ్చి, తమ వాటా దాచుకున్నారని బ్రిటిషు నిర్మాతలు డిస్నీమీద దావా వేస్తే, 2010లో కాలిఫోర్నియా జూరీ దాదాపు 27 కోట్ల డాలర్లు ఇమ్మన్నది. కోటి రూపాయల ప్రశ్నకు కుర్చీలో చెమటలు పట్టే మన బక్క మాస్టారికి ఈ అంకె ఎవరూ చెప్పరు. 2008 నుంచి ఈ ఆట హక్కులు సోనీ పిక్చర్స్ చేతిలో వున్నాయి. తెలుగులో అడిగే ప్రశ్నకు అద్దె అక్కడికి పోతుంది.

మన దేశంలోకి 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో, అమితాబ్ బచ్చన్ చేతిమీదుగా వచ్చింది. దాన్ని తయారుచేసిన సిద్ధార్థ బసు, 1985లో దూరదర్శన్‌లో "క్విజ్ టైమ్" నడిపినవారే. ఆ పాత కార్యక్రమాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేననను. అది నగరాల ఇంగ్లీషు కాలేజీల ముచ్చట. కాని ఒక మనిషి వృత్తిలోనే, పదిహేనేళ్ల వ్యవధిలో, కాలేజీ జట్టు పోయి ఏకాకి మనిషి వచ్చాడు, ట్రోఫీ పోయి చెక్కు వచ్చింది. ఆ పదిహేనేళ్ల మధ్యలోనే 1991 వుందని గుర్తుచేయనక్కర లేదనుకుంటాను.

2007లో షారుఖ్ ఖాన్ నిర్వహించిన మూడవ విడతలో ప్రేక్షకులకు వేరే పోటీ పెట్టారు. ప్రశ్నకు జవాబు ఎస్సెమ్మెస్ పంపాలి. ఒక్కొక్కటి 2 రూపాయల 40 పైసలు. ఎపిసోడుకు ఒకరికి 2 లక్షలు. 52 ఎపిసోడ్లు, బహుమానం మొత్తం 1 కోటి 4 లక్షలు. వచ్చిన ఎస్సెమ్మెస్‌లు సుమారు 5 కోట్ల 80 లక్షలు. గుణించి చూడండి, 13 కోట్ల 92 లక్షలు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ దీన్ని అనుచిత వ్యాపారమని నిర్ణయించి స్టార్ ఇండియాకూ ఎయిర్‌టెల్‌కూ కోటి రూపాయల జరిమానా వేసింది. బహుమానపు సొమ్ము ఎస్సెమ్మెస్‌ల సొమ్ములోంచే ఇచ్చారనటానికి సాక్ష్యం లేదని 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చట్టం దృష్టిలో వారు నిర్దోషులు. లెక్క దృష్టిలో 13 కోట్ల 92 లక్షలు 13 కోట్ల 92 లక్షలే.

ఇది విజ్ఞానమా, లాటరీయా అన్న ప్రశ్నకు జవాబు నన్నడగనక్కర లేదు, భారత ప్రభుత్వాన్ని అడగండి. కోటి ఆట వచ్చిన మరుసటి సంవత్సరమే, 2001 ఆర్థిక చట్టంతో, ఆదాయపు పన్ను చట్టంలో లాటరీలు, గుర్రప్పందాలు, పేకాట, జూదం వున్న నిబంధనకే ఒక వివరణ చేర్చి టెలివిజన్ పోటీలనూ అందులో కలిపారు. పన్ను నూటికి 30. పార్లమెంటు నిష్కర్షగా చెప్పిన మాటను మన అధ్యాపక మిత్రులు ఇంకా ఒప్పుకోలేకపోతున్నారు! ఈటీవీలో సుమ నిర్వహించిన మరో కార్యక్రమానికి "క్యాష్" అని పేరు, "దొరికినంత దోచుకో" అని ఉపశీర్షిక. ఆ నామకర్త నిజాయితీ మెచ్చుకోదగింది.

ఇప్పుడు ఎదుటివారి బలమైన వాదానికి వద్దాం. 2021 నవంబరులో తెలంగాణకు చెందిన ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ ఈ ఆటలో కోటి రూపాయలు గెలిచారు. 2011లో బీహారులోని మోతీహారీలో ఉపాధి హామీ పథకంలో నెలకు ఆరువేల జీతానికి కంప్యూటర్ ఆపరేటరుగా వున్న యువకుడు హిందీ ఆటలో 5 కోట్లు గెలిచాడు. నిజమే, వారి కష్టం, వారి చదువు బూటకం కావు. వారిని చూసి ఈర్ష్యపడేవాడు అల్పుడు. కాని ఉపాధి హామీ కార్యాలయంలో ఆరువేల జీతం ఎందుకు అని ఆ కుర్చీలో ఎవరైనా అడిగారా? పేదరికాన్ని ఇక్కడ ఒక చిన్న సినిమాగా తీసి ముందు చూపిస్తారు. గుడిసె, కుట్టుమిషను, అమ్మ కన్నీరు, వెనకాల వేణువు. స్టెంపెల్‌కు తొడిగిన సరిపడని సూటే ఇది. ఇప్పుడు దర్జీ మారాడు.

ఆటలో "లైఫ్‌లైన్" అనేవి కొన్ని వుంటాయి. అందులో ఒకటి ప్రేక్షకుల వోటు. అమెరికా ఆటను పరిశీలించిన జేమ్స్ సురోవికీ అనే రచయిత 2004లో తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు: ఫోనులో సలహా చెప్పే తెలివైన మిత్రుడు సుమారు నూటికి 65 సార్లు సరైన జవాబు చెబితే, అక్కడ కూర్చున్న సాధారణ ప్రేక్షకులు 91 సార్లు సరిగా చెప్పారట. ఏ ప్రత్యేక పాండిత్యమూ లేని జనం కలిసి చెబితే పండితుడు ఓడిపోతున్నాడు. ఈ ఆట పొరపాటున చెప్పిన నిజం ఇదొక్కటే. అయితే జవాబు సమష్టిది, చెక్కు వ్యష్టిది. జవాబు చెప్పిన నూరుమందీ చప్పట్లు కొట్టి ఇంటికి బస్సెక్కుతారు.

ప్రశ్నోత్తరాల రసం తెలుగువాడికి కొత్త కాదు. యక్షప్రశ్నలు మనకున్నాయి, పొడుపుకథలున్నాయి, తిరుపతి వేంకటకవులు ఊరూరా తిప్పిన అవధానం వుంది. ఆ అవధానమూ జమీందారు కొలువుల సంభావనలమీద బతికిందే, జ్ఞాపకశక్తి ప్రదర్శనే అని నాకు తెలుసు. దానికి హారతి పట్టను. కాని అక్కడ పృచ్ఛకుడు అడిగినదానికి అవధాని లేనిదాన్ని సృష్టించాలి. నాలుగు పద్యాలు తెరమీద పెట్టి ఒకటి గిల్లుకోమనలేదు.

పోయిన ఏడు ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఈ ఆట అనుకరణ చూశాను. "కన్యాశుల్కం తొలి ప్రదర్శన ఏ సంవత్సరం?" నాలుగు అంకెలు. కుర్రవాడు 1892 అన్నాడు, పెన్‌డ్రైవు గెలిచాడు. సరైన జవాబే. కాని అదే నాటకం 1897 ముద్రణకు గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలో వేరే అంకెలున్నాయి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల జాబితా తయారుచేయిస్తే, మూడేళ్లలో నమోదయినవి 1,034. ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు బహుమానానికి కాక కోపానికి పనికివచ్చాయి, నాటకానికి పనికివచ్చాయి. మన జిల్లా అంకెలే ఇవి. ఎంట్రన్సు పరీక్షలకు నాలుగు గళ్లు నింపటమే చదువుగా పెరిగిన పిల్లవాడికి ఏ అంకె పెన్‌డ్రైవుకు, ఏ అంకె నాటకానికి అనే తేడా చెప్పవలసింది మనం. చెప్పకుండా మనమే వేదికమీద సూటు వేసుకొని "లాక్ చేయమంటారా" అంటున్నాం.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరుపాళ్లు అమ్మటానికి ఆమోదించింది. ఆ ఆగస్టులోనే జెమినీలో కోటి ఆట మొదలయింది. ఒకదాని కోసం ఒకటి ఎవరూ పన్నలేదు, అలాంటి ఆరోపణ నేను చేయటం లేదు. కాని ఆ సంవత్సరం ఈ నగరంలో రెండు రకాల ప్రశ్నలు వినిపించాయి. ఒకటి తెరమీద. రెండవది కూర్మన్నపాలెంలో, కార్మికులు వేసుకున్న రిలే దీక్షల శిబిరంలో. 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన కర్మాగారానికి సొంత ఇనుపగనులు ఇన్నేళ్లయినా ఎందుకు ఇవ్వలేదు? భూములిచ్చి, పునరావాసపు ఆర్-కార్డులు పుచ్చుకున్న ఇళ్లలో ఇంకా ఉద్యోగం రానివారి సంగతేమిటి? 2025 జనవరిలో 11,440 కోట్ల సహాయం ప్రకటించారు. గనుల ప్రశ్న అలాగే వుంది, ఆ ఏడే కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు మొదలయ్యాయి. ఈ ప్రశ్నలకు నాలుగు ఐచ్ఛికాలు ఎవరూ ఇవ్వలేదు. జవాబు చెప్పవలసినవారు కుర్చీలో కూర్చోలేదు. మా ద్వారకానగర్ గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు పొద్దుటినుంచి రాత్రిదాకా చదువుకునే పిల్లల్లో ఆ ఇళ్లవారూ వున్నారు. ఉక్కు ఉద్యమం ఏ సంవత్సరమని అడిగితే తడుముకోకుండా చెబుతారు. గనుల సంగతి వారి పుస్తకాల్లో లేదు. ఈ సంవత్సరం తరగతిలో అది చెప్పటానికి నేను ఒక గంట కేటాయించాను. సిలబసులో లేదని ఒక సహాధ్యాపకుడు అభ్యంతరం చెప్పాడు, చర్చ ఇంకా నడుస్తున్నది.