వేయడమే కాదు, తీయడమూ తెలియాలి

పాడేరు వైపు నుంచి ఒక పాఠకులు రాసిన ఉత్తరం ఈ వారం ముందుగా తీసుకుంటున్నాము. ఉత్తరం నాలుగు పేజీలుంది కాబట్టి సారాంశం మాత్రం చెబుతాము.

వారి తండ్రిగారు కొని, ఇరవయ్యేళ్ళు నడిపిన మారుతి జిప్సీ ఇప్పుడు వీరి చేతికి వచ్చింది. ఊరికి చివరి నాలుగు కిలోమీటర్లూ మట్టిబాట. పోయిన వానల్లో పక్కింటి ఆవిడను పురిటికి ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. బురదలో బండి సాగకపోతే, చిన్న గేరు రాడ్డును ఫోర్ హెచ్‌లోకి వేశారు. బండి గట్టెక్కింది, తల్లీ బిడ్డా క్షేమం. అయితే ఆ కంగారులో రాడ్డు సంగతి మరిచి, తారురోడ్డు మీద, ఘాటు మలుపుల్లో పది పన్నెండు కిలోమీటర్లు అలాగే నడిపారు. స్టీరింగు బరువెక్కింది. మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రాలు గునిసినట్టు తోచింది. ఆసుపత్రి ఆవరణలో రాడ్డు తీయబోతే రానంటే రానంది. ఒకాయన సుత్తితో రెండు దెబ్బలు వేయమన్నాడట. మెకానిక్కు మొత్తం డబ్బా విప్పి మార్చాలన్నాడట. "ఇంత ఖర్చు పెట్టేకంటే అమ్మేయమంటున్నారు ఇంట్లో. నాన్నగారి బండి. ఏం చేయమంటారు?" అని అడుగుతున్నారు.

అమ్మవద్దు. సుత్తి జోలికి అసలు పోవద్దు. ఉత్తరంలో చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఆ డబ్బా పాడయి ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అది బిగుసుకుంది, అంతే. బిగుసుకోవడం వేరు, విరగడం వేరు. ఈ తేడా తెలియక మంచి బండ్లు చౌకబేరాలయిపోతున్నాయి కాబట్టి, ఈ వారం పేజీ అంతా దీనికే కేటాయిస్తున్నాము.

ముందు అసలు కిటుకు చూద్దాము. కళ్ళంలో బంతి కట్టి తొక్కించడం చూసిన వారికి ఇది సులువుగా బోధపడుతుంది. మేడి దగ్గర కట్టిన ఎద్దు నింపాదిగా అడుగులు వేస్తుంటే, చివర కట్టినది పరుగు పరుగున తిరగాలి. బయటివైపు చుట్టు పెద్దది గదా! బండి మలుపు తిరిగేటప్పుడూ ఇంతే. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఈ తేడాను సర్దడానికే ఇరుసు మధ్యన డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె ఉంటుంది.

ఇక్కడితో అయిపోలేదు. మలుపులో ముందు చక్రాలు తిరిగే చుట్టు వెనక చక్రాల చుట్టుకంటే పెద్దది. జిప్సీ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు నడిమి భాగం 6 మీటర్ల వ్యాసార్ధంతో పావు చుట్టు తిరిగిందనుకోండి, అది నడిచిన దూరం 9.4 మీటర్లు. అదే సమయంలో ముందు ఇరుసు నడిమి భాగం 10.1 మీటర్లు నడవాలి. అంటే ఒక్క మలుపులోనే తేడా సుమారు 70 సెంటీమీటర్లు!

మామూలుగా టూ హెచ్‌లో నడిచేటప్పుడు ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. ముందు చక్రాలు వాటి దారిన అవి దొర్లుతాయి కాబట్టి ఈ తేడాతో పేచీ లేదు. రాడ్డు ఫోర్ హెచ్‌లో వేయగానే ముందుకూ వెనక్కూ పోయే రెండు షాఫ్టులూ ఒకటిగా బిగిసిపోతాయి. ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండవదీ సరిగ్గా అన్నే తిరగాలి. ఈ రకం బండ్లలో ఆ రెండింటి మధ్యా తేడాను సర్దే మూడో డిఫరెన్షియల్ లేదు. మరి ఆ 70 సెంటీమీటర్లు ఎక్కడికి పోవాలి?

బురదలో, ఇసుకలో, కంకరలో అయితే చక్రం కొద్దిగా జారి ఆ తేడాను నేలమీద పారేస్తుంది. తారురోడ్డు చక్రాన్ని జారనివ్వదు. అప్పుడా తేడా షాఫ్టుల్లో మెలిగా మిగిలిపోతుంది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండడం చూశారు కదూ? అదే పని. ఒక్కొక్క మలుపూ ఒక్కొక్క మెలి వేస్తుంది. ఆ బిగువంతా డబ్బాలో ఒకదానికొకటి పట్టుకున్న పళ్ళమీద పడుతుంది. పళ్ళు అంత గట్టిగా అదుముకుని ఉన్నప్పుడు రాడ్డు లాగితే ఎలా వస్తుంది? దుప్పటి ఒక కొస వదిలితే మెలి దానంతటదే విప్పుకుంటుంది. మనం చేయవలసిందీ అదే.

రాడ్డు రానప్పుడు ముందు కొంచెం మెత్తని నేల వెతకండి. రోడ్డు పక్కన మట్టి అంచు చాలు. రెండువైపుల చక్రాలూ మట్టిమీద పెట్టి, నాలుగైదు మీటర్లు తిన్నగా వెనక్కి నడపండి. వెనక్కి నడిచినప్పుడు పళ్ళమీద ఒత్తిడి దిశ మారుతుంది. ఆ మారే క్షణంలో, యాక్సిలేటరు మీద కాలు తీసి, రాడ్డు మీద చేత్తో నిదానంగా ఒత్తి పెట్టి ఉంచితే అదే జారి వస్తుంది. ఒకసారికి రాకపోతే ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు ఆడించండి. పిడికిలి బిగించి లాగవలసిన పని లేదు.

దానికీ లొంగకపోతే చివరి ఉపాయం జాకీ. చదునైన చోట బండి ఆపి, చేతి బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, ముందు చక్రాల్లో ఒకదాన్ని నేలనుంచి లేపాలి. మెలి విప్పుకునేటప్పుడు ఆ చక్రం చటుక్కున తిరగవచ్చు. చేతులు, చీర కుచ్చెళ్ళు, పిల్లలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఈ పని అలవాటున్న మనిషి చేత చేయించడమే క్షేమం. ఇన్ని చేసినా రాడ్డు కదలకపోతే, అప్పుడు మెకానిక్కును పిలవండి. పిలిచినా, డబ్బా విప్పే ముందు కింద రాడ్డు కీళ్ళలో ఎండిన బురద పేరుకుందేమో చూడమనండి. చాలామటుకు రోగం అక్కడే ఉంటుంది.

ఇక వేసే పద్ధతి. చాలా జిప్సీలకు ముందు చక్రాల నడుమ చేత్తో తిప్పే హబ్బులుంటాయి. వాటిమీద ఫ్రీ అనీ లాక్ అనీ రెండు గుర్తులు. ఫ్రీలో ఉంటే లోపల రాడ్డు ఎటు వేసినా ముందు చక్రాలకు బలం అందదు. అందుచేత బురద రాకముందే, పొడి నేలమీద బండి ఆపి, దిగి, రెండు హబ్బులనూ లాక్‌కు తిప్పాలి. ఒక్కదాన్ని తిప్పి రెండవది మరిస్తే పని జరగదు. బలమంతా వదులుగా ఉన్న వైపుకే పారిపోతుంది. మోకాలిలోతు బురదలో దిగబడ్డాక హబ్బు కోసం తడుముకోవడం ఎంత సుఖమో అనుభవించిన వారికి వేరే చెప్పాలా? వానాకాలమంతా హబ్బులు లాక్‌లోనే ఉంచేవారున్నారు. రాడ్డు టూ హెచ్‌లో ఉన్నంతవరకూ అందువల్ల ప్రమాదం లేదు. కాస్త పెట్రోలు ఖర్చు, కాస్త అరుగుదల, అంతే.

హబ్బులు లాక్ అయ్యాక ఫోర్ హెచ్‌లోకి వేయడం తేలిక. బండి తిన్నగా, మెల్లగా పోతూ ఉండగా యాక్సిలేటరు వదిలి, క్లచ్చి తొక్కి, రాడ్డు వేయవచ్చు. పాతబడిన బండి అయితే ఆపి వేయడమే దానికీ మనకూ మర్యాద. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతూ ఉండగా మాత్రం ఎన్నడూ వేయకండి. వెనక షాఫ్టు సుడిగాలిలా తిరుగుతోంది, ముందుది నిలబడి ఉంది. ఆ రెంటినీ ఒక్కసారిగా కలిపితే పళ్ళు రాలతాయి. ముందు చక్రాలు ఆగనివ్వాలి, ఆ తరువాతే రాడ్డు.

ఫోర్ ఎల్ సంగతి వేరు. అది వేగం తగ్గించి బలం పెంచే గేరు. నిటారు ఎక్కుడుకూ, బండరాళ్ళ దారికీ, దిగబడ్డ బండిని నెమ్మదిగా పైకి తీయడానికీ, నిలువు దిగుడులో ఇంజనుతోనే వేగాన్ని పట్టి ఉంచడానికీ పనికివస్తుంది. బండి పూర్తిగా ఆపి, క్లచ్చి తొక్కి, పెద్ద గేరు న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. పళ్ళు ఎదురెదురుగా నిలిచి పడకపోతే, క్లచ్చి ఒకసారి వదిలి మళ్ళీ తొక్కి ప్రయత్నించండి, లేదా బండిని జానెడు దొర్లనివ్వండి. హబ్బులు ఫ్రీలో ఉండగా ఫోర్ ఎల్‌లో నడపకూడదు. ఆ పెంచిన బలమంతా ఒక్క వెనక ఇరుసు మీదే పడుతుంది.

ఈ డబ్బాలో న్యూట్రల్ కూడా ఉన్నదని మరవకండి. ఘాటులో బండి ఆపి, మొదటి గేరులో పెట్టాము గదా అని ధీమాగా దిగుతాము. చిన్న రాడ్డు గనుక న్యూట్రల్‌లో ఉంటే, ఆ గేరు చక్రాలను పట్టుకోదు. బండి దాని దారిన అది లోయలోకి పోతుంది. దిగేముందు రాడ్డు వైపు ఒక చూపు, చక్రం కింద ఒక రాయి. ఈ రెండూ అలవాటు చేసుకోవాలి.

మన దేశంలో ఈ రాడ్డు కథ జీపుతో మొదలయింది. 1941లో యుద్ధం కోసం తయారయిన విల్లీస్ జీపులో ఇందుకు రెండు రాడ్లుండేవి, ఒకటి ముందు ఇరుసును కలపడానికి, ఒకటి బలం గేరుకు. తరువాత మహీంద్రా వారు మన దేశంలో ఆ జీపులు కట్టారు. కలెక్టరుగారి క్యాంపు మొదలు ఎన్నికల ప్రచారం దాకా మన పల్లెలకు తెలిసిన మోటారు బండి చాలాకాలం అదే. 1985లో జిప్సీ వచ్చి, మూడు దశాబ్దాలకు పైగా తయారయింది. ఇప్పటి థార్, 2023లో మన దేశంలో విడుదలయిన జిమ్నీ కూడా మెత్తని నేలమీద మాత్రమే నాలుగు చక్రాలు కలపవలసిన బండ్లే. రాడ్డు నున్నబడిందేమో గాని, సూత్రం మారలేదు. మూడో డిఫరెన్షియల్ ఉన్న బండ్లున్నాయి, 1970లో వచ్చిన రేంజ్ రోవర్ అటువంటిది. వాటిని తారురోడ్డు మీద కూడా నాలుగు చక్రాలతో నడపవచ్చు. మీది ఏ జాతి బండో పుస్తకం చూసి తెలుసుకోండి.

టైర్ల సంగతి ఒక మాట. ముందు రెండూ అరిగినవీ, వెనక రెండూ కొత్తవీ వేసుకునే పొదుపరులున్నారు. వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్లు తేడా ఉంటే కిలోమీటరుకు సుమారు 15 మీటర్ల తేడా వస్తుంది. అంటే మలుపు లేకపోయినా, తిన్నని దారిలోనే మెలి పడుతుందన్నమాట. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ఇంకొకటి, ఎండాకాలమంతా ఈ రాడ్డును ముట్టుకోకుండా ఉంచితే అది తుప్పుపట్టి మొండికేస్తుంది. నెలకొకసారి ఏ మట్టిదారిలోనో నాలుగు చక్రాలతో కొన్ని కిలోమీటర్లు నడిపితే నూనె అంతటా పారుతుంది. నీళ్ళలో దిగి వచ్చాక డబ్బాలోని నూనె చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరిందన్నమాట, వెంటనే మార్చాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరికి ఉంచాము. నాలుగు చక్రాల బలం బండిని కదిలించడానికే గాని, ఆపడానికి కాదు. బ్రేకు వేస్తే అన్ని మోటారు బండ్లూ నాలుగు చక్రాల మీదే ఆగుతాయి. తడిసిన ఘాటు మలుపులో ఫోర్ హెచ్ వేసుకున్నాము గదా అని వేగంగా దిగేవాడికి ఆ రాడ్డు రవ్వంత సాయం చేయదు. పొంగిన వాగు దగ్గరా అంతే. పారే నీటికి చక్రాలెన్ని తిరుగుతున్నాయో అక్కర్లేదు. నీరు అడుగు లోతుంటే చిన్న కార్లు తేలిపోతాయి, రెండడుగులుంటే జీపుల్లాంటివీ కొట్టుకుపోతాయి. అక్కడ బండి ఆపి కూర్చోవడమే అసలైన డ్రైవింగు.

కాబట్టి పాడేరు పాఠకులకు మా సలహా ఇది. బండిని మట్టిమీదకు తెచ్చి, వెనక్కి నాలుగడుగులు నడిపించండి. రాడ్డు వచ్చాక హబ్బులు ఫ్రీ చేసి, తారురోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు నడపండి. మోత గాని, అదురు గాని లేకపోతే నిశ్చింతగా ఉండండి. ఉంటే నమ్మకమైన మనిషికి చూపండి. తరువాత స్టీరింగు పక్కన ఒక చిన్న చీటీ అంటించండి: "తారు తగిలిందా? రాడ్డు తీశావా?" రేపు ఆ బండి మీ తమ్ముడో, మేనల్లుడో నడిపినా పనికివస్తుంది. మీ ఊరి వానాకాలానికి ఆ జిప్సీతో ఇంకా చాలా అవసరం ఉంది.