తప్పు మనదేనని ముందే ఒప్పుకోవద్దు

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

నాది దుమ్ముగూడెం వైపు. కోయ పిల్లాడిని. పెద్ద అంబర్‌పేట్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. ఈ గ్రూపులో నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పోడు భూముల గురించి అన్నలు రాసేవి రోజూ చదువుతా. నేను మాత్రం ఈసారి కంప్యూటర్‌లో ఉండే గ్రాఫిక్స్ కార్డు గురించి రాస్తున్నా. "ఇదేం గొడవరా మనకి" అనుకోకండి. కార్డు సంగతి చెప్తూ నేను అడగాలనుకున్నది వేరే ఉంది.

మా రూములో నలుగురం కలిసి ఒక గేమింగ్ కంప్యూటర్ కట్టుకున్నాం. నేను, దేవరకొండ తమ్ముడు ఒకడు, అసిఫాబాద్ వైపు ఇద్దరు. మొత్తం 61 వేలు అయింది. అందులో కార్డు ఒక్కటే 22 వేలు. నా వంతు డబ్బులో సగం సెలవుల్లో మిర్చి కోతకి పోయి సంపాదించింది, మిగతా సగం అమ్మ తునికాకు డబ్బులు. ఆటల కోసమేనా అంటే, ఆటలు కూడా ఆడతాం, అబద్ధం ఎందుకు. కానీ ఒకడు వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు, నేను బ్లెండర్‌లో త్రీడీ నేర్చుకుంటున్నా. ఆ పనులకి కావాల్సిన కంప్యూటర్, ఆటలకి కావాల్సిన కంప్యూటర్ దాదాపు ఒకటే.

పార్టులు కొని తెచ్చి, యూట్యూబ్ చూసి మేమే బిగించాం. ప్రాసెసర్ రైజెన్ 5 5600, కార్డు రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600. రాత్రి పదకొండింటికి స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. "సిగ్నల్ లేదు" అని చూపించి పడుకుంది.

పొద్దున్నే షాపాయనకి ఫోన్ చేశా. షాపు పేరు చెప్పను, అది ఇక్కడ అవసరం లేదు. ఆయన మొత్తం వినకుండానే అన్నాడు: "మీరే బిగించుకున్నారా? అయితే ఏదో కాల్చేసి ఉంటారు. తెలియని పని ఎందుకు చేస్తారు?"

ఆయన అన్నదానికి కాదు నాకు బాధ అయింది. ఫోన్ పెట్టేశాక మేం నలుగురం ఒకరి మొఖం ఒకరు చూసుకుని, "అవునురా, మనమే పాడుచేసి ఉంటాం" అనుకున్నాం. ఒక్క స్క్రూ కూడా విప్పి చూడలేదు. ఒక్క వైరు కూడా కదిపి చూడలేదు. 22 వేల వస్తువు పోయిందని, పోగొట్టింది మేమేనని ఒక్క నిమిషంలో ఒప్పేసుకున్నాం.

ఇది నాకు కొత్త కాదు. ఆఫీసులో దరఖాస్తు వెనక్కొస్తే నేనే తప్పు రాశా అనుకుంటా. క్లాసులో అర్థం కాకపోతే నా బుర్రే చాలదనుకుంటా. కౌంటర్ దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాన్న రెండు చేతులూ కట్టుకుని నిలబడేవాడు, తప్పు ఎవరిదో తెలియకముందే. మీలో చాలామందికి ఈ అలవాటు ఉందని నాకు తెలుసు. తప్పు ఒప్పుకోవడం మంచి గుణమే. చూడకుండా ఒప్పుకోవడం మాత్రం మంచి గుణం కాదు, భయం.

సరే, మేం ఏం చేశామో చెప్తా. కొత్త కంప్యూటర్ కట్టుకునేవాళ్లకి పనికొస్తుంది కూడా.

ఊళ్లో బోరు మోటారు తిరగకపోతే నాన్న ఏం చేస్తాడు? ముందు కరెంటు ఉందా చూస్తాడు. తర్వాత ఫ్యూజు. తర్వాత స్టార్టరు. తర్వాత వైరు. ఇవన్నీ అయ్యాకే మోటారు పైకి తీసే మాట ఎత్తుతాడు. ఎందుకంటే మోటారు తీయడానికి నలుగురు మనుషులు, ఒక రోజు కూలీ కావాలి. తేలికది ముందు, కష్టమైంది చివర. ఆయన బడికి పోయింది మూడో తరగతి దాకే. కంప్యూటర్‌కి కూడా అదే పద్ధతి. దానికి ఒక్క నియమం కలపండి: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోట్‌బుక్‌లో రాయాలి. మూడు ఒకేసారి మారిస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

మొదటిది, మానిటర్ కేబుల్. మేం దాన్ని పైన మదర్‌బోర్డుకి ఉన్న హెచ్‌డీఎంఐలో పెట్టాం. అది తప్పు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ ఉండవు, పేరు చివర జీ అని ఉండే 5600జీలో ఉంటాయి. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉన్నవాటిలో కూడా ఉండవు. అలాంటప్పుడు మదర్‌బోర్డు పోర్టులో పెడితే బొమ్మ ఎప్పటికీ రాదు. కేబుల్ కింద కార్డుకి ఉన్న పోర్టులోనే పెట్టాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే ఇంకో తంటా: బొమ్మ వస్తుంది కానీ ఆట నత్తలా నడుస్తుంది, కార్డు బాగాలేదని మనం తిట్టుకుంటాం.

కేబుల్ మార్చాం. అయినా రాలేదు. మదర్‌బోర్డు మీద నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని. అన్ని బోర్డులకీ ఉండవు, మాదానికి ఉన్నాయి. వీజీఏ లైటు ఆరకుండా వెలుగుతోంది. అంటే బోర్డుకి కార్డు దొరకట్లేదు అని.

రెండోది, కార్డు కూర్చున్న తీరు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేసి, కేబినెట్ ఇనుమును చేత్తో ముట్టి, అప్పుడు కార్డు తీశాం. మళ్లీ పై స్లాటులో పెట్టి, చివరి క్లిప్ టక్ మనేదాకా నొక్కాం. ముందు ఆ చప్పుడు వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అది కూడా మా తప్పే.

మూడోది, కార్డుకి కరెంటు. స్లాటు నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్ల దాకే. మా కార్డు 132 వాట్లు తింటుంది, అందుకే పైన ఎనిమిది పిన్నుల వైరు విడిగా పెట్టాలి. ఆ వైరు ఆరు, రెండు పిన్నులుగా విడిపోయి ఉంటుంది, రెండూ కలిపి నొక్కాలి. ప్రాసెసర్ వైరుకి కూడా ఎనిమిది పిన్నులే ఉంటాయి, కానీ అది వేరు. పట్టకపోతే బలవంతంగా తోయకండి. మేం పెట్టింది సరైన వైరే, పూర్తిగానే దిగింది.

స్విచ్ వేశాం. వీజీఏ లైటు ఆరింది. బొమ్మ వచ్చింది. రూములో మేం అరిచిన అరుపుకి వార్డెన్ సార్ వచ్చాడు.

ఇక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేవాడిని కాదు. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి తెర నల్లబడి, కార్డు ఫ్యాన్లు విమానం లాగా మోగడం మొదలైంది. బ్లెండర్‌లో రెండరింగ్ పెట్టినా అంతే. మళ్లీ పాత మాటే వచ్చింది: "మొన్న సరిగ్గా పెట్టకుండా స్విచ్ వేశాం కదా, అప్పుడే కాలిపోయి ఉంటుంది." ఈసారి నేను ఒప్పుకోలేదు. నోట్‌బుక్ తీశా.

ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాం. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించే అలవాటు చాలా రూముల్లో ఉంది. దానివల్ల ఎర్త్ పోతుంది, కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. అది పారేయండి. మాకు మాత్రం తేడా రాలేదు. కార్డు వేడి చూశాం, 70 డిగ్రీలు దాటలేదు. వేడి వల్ల కాదు. ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌ఎంపీ ఆపి చూశాం. తేడా లేదు. సేఫ్ మోడ్‌లోకి పోయి డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో డ్రైవర్ మొత్తం తుడిచేసి, ఏఎండీ వాళ్ల సైటు నుంచి కొత్తది వేశాం. ఆ టైములో నెట్ ఆపాలి, లేకపోతే విండోస్ తనే ఇంకో డ్రైవర్ వేసేస్తుంది. తేడా లేదు.

మిగిలింది రెండే: కార్డు, లేదా పవర్ సప్లై. ఇవి విడదీయాలంటే ఇంకో మంచి కంప్యూటర్ కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని యానిమేషన్ నేర్చుకుంటున్న ఉట్నూరు అన్న ఒకాయన గుర్తొచ్చాడు. ఆదివారం కార్డుని దాని డబ్బాలోనే పెట్టి, ఒళ్లో పెట్టుకుని హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ మీదుగా సిటీ బస్సులో తీసుకెళ్లాం. అన్న కంప్యూటర్‌లో పెడితే తొమ్మిది నిమిషాలకి అక్కడా నల్లబడింది. సాయంత్రం ఆయన తన ఆర్‌టీఎక్స్ 3060 పట్టుకుని మా హాస్టల్‌కి వచ్చాడు. అది 170 వాట్లు తినే కార్డు, మాదానికంటే ఎక్కువ. మా కంప్యూటర్‌లో రెండు గంటలు ఆగకుండా నడిచింది. మా పవర్ సప్లై మంచిదే. బిగించింది మంచిదే. కార్డే లోపంతో వచ్చింది.

మర్నాడు షాపుకి పోయాం. ఈసారి ఫోన్ చేయలేదు. బిల్లు, డబ్బా మీది సీరియల్ నంబర్, రెండు కంప్యూటర్లలో తీసిన వీడియోలు, నోట్‌బుక్ పేజీ ఆయన ముందు పెట్టాం. పేజీలో మా తప్పులు కూడా రాసే ఉన్నాయి: కేబుల్ తప్పుగా పెట్టాం, క్లిప్ పడలేదు అని. ఆయన రెండుసార్లు చదివాడు. "ఎవరు నేర్పారు మీకు?" అన్నాడు. కార్డు సర్వీసుకి పంపాడు. 17 రోజులకి వేరే కార్డు వచ్చింది. ఇప్పుడు ఈ పోస్టు ఆ కంప్యూటర్‌లోనే టైపు చేస్తున్నా.

ఆయన చెడ్డవాడని నేను అనను. రోజుకి పదిమంది సరిగ్గా బిగించకుండా ఫోన్ చేస్తే ఎవరైనా అలాగే అంటారేమో. కానీ మేం ఆయన మాట నమ్మి ఊరుకుంటే 22 వేలు పోయేవి. దానికంటే, మేం ఇలాంటి పనులకి పనికిరామని నలుగురం జీవితాంతం నమ్మేవాళ్లం.

పెద్దవాళ్ల దగ్గర కూడా ఇలాంటి గొడవే జరిగింది. 2022 అక్టోబర్‌లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డులు కొన్నవాళ్లలో కొందరికి కరెంటు కనెక్టర్ కరిగిపోయింది. అది లక్షన్నర పైన ఉండే కార్డు. కనెక్టర్ పూర్తిగా దిగకపోవడం ఎక్కువగా కనిపిస్తున్న కారణం అని కంపెనీ ఆ నవంబర్‌లో చెప్పింది. అంటే కొన్నవాళ్ల వంతు కొంత ఉంది. మరుసటి సంవత్సరం ఆ కనెక్టర్ ప్రమాణాన్నే మార్చారు, సగం దిగితే కరెంటు ఇవ్వకుండా ఉండేలా లోపలి చిన్న పిన్నుల పొడవు తగ్గించారు. అంటే తయారుచేసిన తీరులో కూడా కొంత లోటు ఉంది. వాళ్లు వస్తువు తెరిచి, కొలిచి చూశారు కాబట్టే ఎవరి వంతు ఎంతో తేలింది.

"హాస్టల్ పిల్లలకి గేమింగ్ కంప్యూటర్లు ఎందుకు, గ్రూప్స్‌కి చదువుకోక" అని కొందరు అన్నలు అంటారని తెలుసు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. డబ్బు లేకపోతే అప్పు చేసి కొనమని కూడా నేను చెప్పను. కానీ మన పిల్లలు వస్తువు వాడేవాళ్లుగానే ఉండాలా, మూత తీసి లోపల చూసేవాళ్లు కూడా కావాలా? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటర్ పార్టులకి పేరున్న చోటు ఉంది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, పారడైజ్ స్టేషన్‌లో దిగొచ్చు. ఏమీ కొనకపోయినా ఒకసారి పోయి చూడండి. అక్కడ కౌంటర్ వెనక నిలబడే పని కూడా మనవాళ్లు చేయొచ్చు.

కొన్న వస్తువు లోపంతో వస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకి కూడా వర్తిస్తుంది. 1915 నంబర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. 5 లక్షల లోపు విలువకి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. మాకు అక్కడిదాకా పోయే అవసరం రాలేదు. కానీ బిల్లు లేకుండా మాత్రం ఏదీ కొనకండి.

చివరగా ఒక మాట అడుగుతున్నా. మాకు ఉట్నూరు అన్న కార్డు దొరికింది కాబట్టి నిజం తేలింది. అలాంటి అన్న లేనివాళ్లు ఏం చేస్తారు? మీ దగ్గర పాత గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, ర్యామ్, ఏదైనా పనిచేసేది మూలన పడి ఉంటే కింద కామెంట్‌లో రాయండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ వైపు హాస్టళ్లలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా పెట్టి చూసుకోవడానికి ఒక సెట్టు తయారుచేద్దాం. దాచి ఉంచే బాధ్యత మా రూముది. ఆదివారం వస్తే మా నోట్‌బుక్ కూడా చూపిస్తాం.

జోహార్.