'ఎట్ల'కు 'ఎట్టా' పరాయిదా?

సినిమా మీద సంపాదకీయమేమిటని మొహం చిట్లించకండి. నీళ్ల మీద రాశాం, కొలువుల మీద రాశాం, నిధుల లెక్కలు విప్పి చూపించాం. యాస మాట వచ్చినప్పుడల్లా సినిమావాళ్లను దుమ్మెత్తి పోశాం. పోయాల్సిందే. కానీ ఆ దుమ్ము కొంత గాలికి కొట్టుకుపోయి ఏ సంబంధమూ లేని మనుషుల కళ్లల్లో పడింది. ఆ సంగతి మొన్న మాఘమాసంలో కొల్లిపర వెళ్లినప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చినదాన్ని కడుపులో దాచుకుంటే ఇక పత్రిక ఎందుకు?

ఒక మిత్రుని ఇంట పెళ్లి. తెనాలిలో రైలు దిగి కొల్లిపర చేరాం. గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డు మండలం అది. అరటి, కంద, పసుపు. దుగ్గిరాల పసుపు యార్డు అక్కడికి దగ్గరే. అయితే నిజం చెప్పాలంటే ఆ సీమ పేరు వినగానే మాకు గుర్తొచ్చేది పసుపు కాదు, సినిమా. నటుడు కృష్ణది బుర్రిపాలెం. జగ్గయ్యది మోరంపూడి. గుమ్మడిది రావికంపాడు. విజయా సంస్థను నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణిది తెనాలిలోని ఐతానగర్. శారదది తెనాలి. సావిత్రి పుట్టిన చిర్రావూరు కూడా మరీ దూరమేం కాదు. సినిమాల మీద మొహమాటం లేకుండా వ్యాసాలు రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టిందీ తెనాలిలోనే. నాలుగు మండలాల మేర తిరిగితే తెలుగు సినిమా చరిత్ర సగం కాళ్లకు తగులుతుంది.

'రెండున్నర జిల్లాల భాష' అన్న మాట ఉద్యమంలో అందరి నోళ్లలో నలిగింది. మా పేజీల్లోనూ నలిగింది. ఆ రెండున్నర జిల్లాల నడిబొడ్డున నిలబడ్డామని, ఇక్కడి మనుషులు నోరు తెరిస్తే సినిమా డైలాగులే రాలతాయని అనుకున్నాం. అంత అమాయకత్వం మాది!

పెళ్లి రాత్రి అయిపోయింది. తెల్లారి పసుపు కళ్లం దగ్గరికి తీసుకుపోయారు. ఉడకబెట్టిన కొమ్ములు పట్టాల మీద ఆరబోసి ఉన్నాయి. కౌలుకు చేసే ఒక పెద్దాయన, ట్రాక్టరు తోలే ఒక కుర్రాడు, కొమ్ములు ఏరుతున్న నలుగురు ఆడవాళ్లు. మేం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పగానే పెద్దాయన అడిగిన మొదటి మాట రాష్ట్రం గురించి కాదు. "మీ 'బలగం' చూశా అబ్బాయ్. ఒక్కటి అర్థం కాలా. బొక్క కోసం బావమరుదులు అన్నేళ్లు అలగటం ఏంది?" అన్నాడు.

మాకు ముందు ఆ అనుమానమే అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. మనకు బొక్క అంటే ఎముక. వాళ్లకు బొక్క అంటే చిల్లు! నల్లి బొక్క పడలేదని అలిగిన అల్లుణ్ణి చూసి ఆ పెద్దాయన చిల్లు కోసం కొట్లాటేందని ఇంతకాలం తలగోక్కుంటున్నాడు. మూలగ ఉన్న బొమికండీ అని చెబితే "ఓరి నీ... అదా! అట్టయితే అలగాల్సిందే" అన్నాడు. కళ్లమంతా నవ్వులు.

నవ్వులు ఆగాక ఆయనే మళ్లీ అందుకున్నాడు. మాటలు సగమే అర్థమైనా పిట్టకు పెట్టే చోట ఏడుపు ఆగలేదట. వాళ్ల నాయన పోయినప్పుడు కాకి ముట్టలేదట. పెద్దకొడుకు మీద ఏదో కోపం ఉండి ఉంటుందని ఊరంతా అన్నారట. ఆ పెద్దకొడుకు ఈయనే. "కొమరయ్య మీవోడు కాదు, మా నాయనే" అన్నాడు.

వేణు ఎల్దండి తీసిన ఈ సినిమా 2023 మార్చి 3న వచ్చింది. మన పల్లెల్లో కూడళ్ల దగ్గర తెరలు కట్టి, ఊరు ఊరంతా నేల మీద కూర్చుని చూసింది. చివర్లో పాడి ఏడిపించిన బుడగజంగాల కళాకారుడు మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతు కృష్ణ ఒడ్డున ఒక పసుపు కళ్లం దాకా వచ్చి ఉందని మాకు తెలియదు. యాస ఎక్కువైతే అటు జిల్లాల్లో ఆడదని మూడు దశాబ్దాలు మనకు పాఠం చెప్పిన పెద్దమనుషులు ఈ కళ్లానికి ఒకసారి వచ్చిపోతే బాగుండు!

తర్వాత 'గుంటూరు కారం' ముచ్చట వచ్చింది. 2024 సంక్రాంతి సినిమా. మహేశ్‌బాబు తండ్రిది పక్కనున్న బుర్రిపాలెం కదా, విడుదలకు ముందు వేడుక కూడా గుంటూరు దగ్గరే పెట్టారు. ట్రాక్టరు కుర్రాడు మొదటి రోజే తెనాలి పోయి చూశాడు. హీరో మీద ఈగ వాలనివ్వడు. ఐనా అతను చెప్పిన మాట మాకు నచ్చింది. "మావోడు బాగా చేశాడండీ. కారం ఉంది. గుంటూరే కనపళ్లా. ఊరు చూపిస్తాడనుకుంటే మాటిమాటికీ హైదరాబాద్ బండెక్కుద్ది కథ." అభిమాని నోట ఇంతకంటే నిజాయితీ గల సమీక్ష వస్తుందా?

"మరి మీ ఊరు మీకు కనిపించిన సినిమా ఏది?" అని అడిగాం. ముగ్గురు ఒకేసారి చెప్పారు, 'మిడిల్ క్లాస్ మెలొడీస్' అని. వినోద్ అనంతోజు తీసిన సినిమా. కొలకలూరులో చిన్న హోటల్ నడిపే కొండలరావు, గుంటూరులో హోటల్ పెడతానని మొండికేసే కొడుకు రాఘవ, వాడు చేసే బొంబాయి చట్నీ. ఇదీ కథ. కొలకలూరు తెనాలి మండలంలో ఊరు, వీళ్లకు పొరుగే. కొండలరావుగా వేసిన గోపరాజు రమణ నాటకాల నుంచి వచ్చిన మనిషి. ఆయన కొడుకు మీద అరిచే అరుపులు వింటుంటే "మా ఇంట్లో గోడకు చెవి పెట్టి రాసుకున్నారనిపించింది" అన్నదో తల్లి. ఆమె తర్వాత చెప్పిన మాట మమ్మల్ని కుదిపింది. "సినిమాలో 'వచ్చుద్ది, పోద్ది' అనేవాడు ఎప్పుడూ పాలేరో, ఎర్రోడో అయ్యుంటాడు బాబూ. ఇంటాయన అట్టా మాట్లాడటం అందులోనే చూశా."

పాఠక మిత్రులారా, ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదా? మనం అన్నదే కాదా? 1985లో 'ప్రతిఘటన'లో గూండా నాయకుడికి మన యాస పెట్టారు. ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. ఆయన గొప్ప నటుడే, తప్పు ఆయనది కాదు. ఆ తర్వాత విలన్ నోరు తెరిస్తే మన 'ఎట్ల', 'గట్ల'. 1992లో 'మొండి మొగుడు పెంకి పెళ్లాం'లో విజయశాంతి చేత కథానాయికగా మన మాట పలికిస్తే అది వింత అయింది. అంతకుముందే 'మా భూమి', 'దాసి' వచ్చినా వాటిని అవార్డుల గదిలో కూర్చోబెట్టి తాళం వేశారు. 2017లో 'ఫిదా' వచ్చేదాకా మన యాస మాట్లాడే పిల్లను కోట్ల సినిమా ప్రేమించలేదు.

రెండూ ఒకటేనని మేం అనడం లేదు. మన యాసకు కత్తి ఇచ్చారు, వాళ్ల యాసకు చీపురు ఇచ్చారు. కత్తి ఇచ్చినవాడి మీద సమాజానికి కలిగే భయం, అసహ్యం వేరు. ఆ అవమానం ఒక ప్రాంతం మొత్తానిది, దాని వెనుక అధికారం ఉంది, పెట్టుబడి ఉంది. కానీ తెర మీద వినిపించే 'ఎలా' మాత్రం కొల్లిపర కళ్లంలో మాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. అక్కడ అందరూ 'ఎట్టా' అంటారు. మన 'ఎట్ల'కూ వాళ్ల 'ఎట్టా'కూ నడుమ ఉన్న దూరం ఎంత? మనం రెండున్నర జిల్లాల భాష అన్నది ఆ రెండున్నర జిల్లాల్లో పెద్ద చదువుల, పెద్ద ఇళ్ల భాష. మద్రాసులో కూర్చుని తయారుచేసి, హైదరాబాదుకు మోసుకొచ్చి, అందరికీ ఇదే తెలుగని పంచిన భాష. పసుపు ఏరే చేతులకు అందులో వాటా ఎన్నడూ లేదు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. 2012లో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' వచ్చినప్పుడు తెలంగాణలో ఆట ఆగింది, సన్నివేశాలు కోయించారు. ఆ కోపం న్యాయమైంది, ఇవాళా అదే అంటాం. కానీ అలాంటి కోపాల వేడిలో దర్శకుణ్ణి, నిర్మాతను పేరు పెట్టి అడగాల్సిన చోట మేం 'వాళ్ల భాష', 'వాళ్ల సినిమా' అని రాసి పారేశాం. 'వాళ్ల'లో ఈ తల్లి కూడా ఉందని ఆలోచించలేదు. 2014 జూన్ 2 తర్వాత కూడా ఆ రాత అలవాటుగా కొనసాగింది.

సినిమా ఎట్ల చూస్తున్నారని అడిగితే అదో పెద్ద కథ. పక్కూరి సినిమా 'మిడిల్ క్లాస్ మెలొడీస్'ను వీళ్లు తెనాలి హాల్లో చూడలేదు. కరోనా కాలం కదా, 2020 నవంబరు 20న అది నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. సెల్‌ఫోన్‌లో, ఒకరి భుజం మీద నుంచి ఒకరు చూశారు. నాటకంలో పద్యం నచ్చితే హాలు దద్దరిల్లేలా వన్స్‌మోర్ కొట్టిన సీమ అది. తమ ఊరి మాట మొదటిసారి తెర మీదికి వస్తే ఈల వేయడానికి హాలు లేకపోయింది. 'కోర్ట్' కూడా అంతే, ఫోన్‌లోనే. "ఆ మంగపతిని చూస్తే ఒళ్లు మండింది. మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు అట్టాంటోళ్లు" అన్నది ఒక యువతి. పెళ్లికి వచ్చిన చుట్టాల్లో ఆ ఇద్దరూ ఉన్నారేమో, గొంతు తగ్గించి మరీ చెప్పింది.

హాలుకు పోరా అంటే టికెట్ లెక్క చెప్పారు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతి ఇచ్చాయి. సాగునీటి మీద కుదరని ఏకాభిప్రాయం దీని మీద కుదిరింది! ఆ రాత్రే హైదరాబాదులో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. "ఎనిమిది వందలంటే నాకు ఎన్ని రోజుల కూలో మీరే లెక్కేసుకోండి" అన్నది కొమ్ములు ఏరుతున్న ఆమె. అటు చూస్తే జనం రావడం లేదని 2024 మేలో మన దగ్గర సింగిల్ థియేటర్లు పది రోజులు మూసుకున్నాయి. ఎందుకు రావడం లేదో ఆమెను అడిగితే సరిపోయేది.

ఎవరూ అడగరు. శుక్రవారం పొద్దున హైదరాబాదులో ఒక మల్టీప్లెక్సు బయట మైకులు పట్టుకుని నిలబడతారు. అక్కడ నలుగురు కేకలు వేస్తే హిట్టు, నలుగురు మూతి విరిస్తే ఫట్టు. తెనాలిలో మ్యాట్నీ పడేలోగా తీర్పు అయిపోతుంది. ఈ తీర్పుల బాధ పడలేక తమిళ నిర్మాతలు 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టుకు పోయి, మొదటి మూడు రోజులు సమీక్షలు ఆపమన్నారు. కోర్టు ఆపలేదు, మంచిదే అయింది. అయినా మూడు రోజులు నోరు మూయించడం గురించి ఆలోచించేవాళ్లకు, మూడు తరాలుగా ఎవరూ మైకు పెట్టని నోళ్లు ఉన్నాయని తట్టలేదు.

లేచేముందు పెద్దాయన అడిగాడు, "మా కొలకలూరు సినిమా చూశారా మీరు?" అని. చూడలేదు. వాళ్లు 'బలగం' రెండుసార్లు చూశారు. మేం పొరుగు యాసలో వచ్చిన ఒక్క సినిమా చూడలేదు, ఎందుకంటే అది 'వాళ్ల' సినిమా. నోట మాట రాలేదు.

తిరిగొచ్చిన రాత్రే ఆఫీసులో అందరం కూర్చుని చూశాం. కొండలరావు తిట్లకు పడి పడి నవ్వాం. తిడుతూనే కొడుకు వెనక నిలబడే తండ్రి కరీంనగర్‌లో లేడా, పాలమూరులో లేడా? కాకపోతే రెండు మూడు మాటలు మాకూ అంతుబట్టలేదు. మరునాడు ఫోన్ చేసి పెద్దాయననే అడిగాం. విడమరిచి చెప్పాడు. చెప్పి, "మీ వైపు వస్తే ఆ నల్లి బొక్క ఏదో నాకూ పెట్టిస్తారా మరి?" అన్నాడు. దసరాకు రమ్మన్నాం.